చీము మా ఒంట్లో, మురికి ఎవరి చేతుల్లో?

"ఏం తిన్నవ్?"

పెద్దాపరేషన్ అయిన పదకొండో రోజు, కుట్లు పగిలి చీము కారుతుంటే, చంటిపిల్లను తల్లి చేతికిచ్చి సర్కారు దవాఖాన మెట్లెక్కిన మా వాడ చెల్లెను అక్కడ అందరికంటే ముందు అడిగిన మాట ఇది. జ్వరం ఎన్నొద్దుల నుంచి అని అడగలేదు. కట్టు విప్పి చూసింది కూడా తర్వాతే. "ఏం తిన్నవ్? పప్పు తిన్నవా? పెద్దకూర తిన్నవా? మీ వాడోళ్లకు ఎంత చెప్పినా గంతే. శుభ్రం ఉండదు, పథ్యం ఉండదు."

ఆ పిల్ల తల వంచుకుంది. ఆ పదకొండు రోజులు ఆమె తిన్నది ఎల్లిపాయ కారం, తెల్లన్నం. ఎందుకంటే ఇంట్లో అత్త కూడా అదే చెప్పింది. పప్పు తింటే చీము పడుతుంది, గుడ్డు తింటే పుండు మానదు. దవాఖాన సిస్టరుకు, వాడలో అత్తకు మిగతా అన్ని విషయాల్లో ఎంత దూరమున్నా ఈ ఒక్క మాట దగ్గర ఇద్దరూ కలిసిపోయారు. తప్పు కోయించుకున్నదానిదే!

జరిగింది రాస్తాం. కాన్పు సర్కారు దవాఖానలోనే అయింది. కోత పెట్టి బిడ్డను తీశారు. అయిదో రోజు ఇంటికి పంపారు. ఏడో రోజు ఒళ్లు కాలింది, కోత చుట్టూ ఎర్రగా ఉబ్బింది. ఊళ్లో ఆర్‌ఎంపీ నాలుగు రోజులు సూదులు పొడిచాడు. పదకొండో రోజు కుట్టు ఊడి లోపలి నుంచి వాసన వచ్చింది. మళ్లీ దవాఖాన. పంతొమ్మిది రోజులు అక్కడే. ఒక మంచం మీద ఇద్దరు బాలింతలు. రోజూ గాయం కడిగి గాజుగుడ్డ కుక్కడం, చివరికి రెండోసారి కుట్లు. ఈలోగా పాలు తగ్గి బిడ్డకు డబ్బాపాలు. మొగుడు మేస్త్రీ కింద పని మానుకుని దవాఖాన వరండాలో పడుకున్నాడు. ఉన్న రెండు మేకలు అమ్మారు. నూటికి మూడు రూపాయల మిత్తికి అప్పు తెచ్చారు. బయట కొనుక్కురమ్మని చీటీ రాసిచ్చిన సూదిమందులకే సగం పోయింది. అంతా కలిపితే ముప్ఫై ఎనిమిది వేలు.

దీన్నే ఉచిత ఆపరేషన్ అంటారు. కోయడం ఉచితం. కుళ్లితే ఖర్చు మాది.

ఆ దవాఖాన పేరు ఇక్కడ రాయడం లేదు. భయపడి కాదు. మీరు ఏ జిల్లాలో కూర్చుని ఇది చదివినా మీ పక్కనున్న దవాఖాన పేరు ఆ ఖాళీలో పెట్టుకుని చదువుకోగలరని మాకు తెలుసు.

* * *

ముందు ఈ పప్పు సంగతి తేల్చాలి. చీము పప్పులో నుంచి పుట్టదు. గాయంలోకి బయటి నుంచి సూక్ష్మక్రిములు చేరితే వాటితో మన రక్తంలోని తెల్లకణాలు పోట్లాడతాయి. ఆ పోట్లాటలో చచ్చిన కణాలు, క్రిములు, కరిగిన కండ, ఇదంతా కలిసిందే చీము. క్రిమి చేరందే చీము లేదు. తెగిన కండ మళ్లీ అతుక్కోవాలంటే మాంసకృత్తులు కావాలి. పేదోడి ఇంట్లో అవి దొరికేది పప్పులో, గుడ్డులో, మాంసంలో. అంటే పుండు మానడానికి పనికొచ్చే తిండినే పుండు మానదని చెప్పి ఆ పిల్ల కంచంలో నుంచి తీసేశారు. అందులోనూ పెద్దకూర పేరెత్తడంలో ఉన్నది వైద్యం కాదని మీకు మేం చెప్పాలా?

ఒంట్లో సత్తువ లేకపోతే పుండు మానడం ఆలస్యమవుతుంది, నిజమే. చక్కెర జబ్బు ఉన్నా, రక్తం తక్కువున్నా, పొగాకు అలవాటున్నా చీము పట్టే ప్రమాదం ఎక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 100 మంది ఆడవాళ్లలో దాదాపు 58 మందికి, ఆంధ్రప్రదేశ్‌లో 59 మందికి రక్తహీనత ఉంది. అది దాచాల్సిన పని మాకు లేదు. కానీ రక్తం లేని ఆడదాని పొట్ట మీద కత్తి పెట్టేటప్పుడు ఇంకా ఎక్కువ జాగ్రత్త పడాలి కదా! ఆమె బలహీనతను ముందే తెలుసుకోవాల్సిన వాళ్లు, చీము పట్టినాక దాన్నే సాకుగా చూపిస్తే ఎట్లా?

మురికి ఎవరిది అన్న ప్రశ్న కొత్తది కాదు. 1847లో ఐరోపాలో వియన్నా పట్నం పెద్దాసుపత్రిలో ఇదే తగవు వచ్చింది. అక్కడ రెండు కాన్పు వార్డులు ఉండేవి. ఒకదాంట్లో పురుడు పోసేది డాక్టర్లు, డాక్టరీ చదివే కుర్రాళ్లు. రెండోదాంట్లో మంత్రసానులు. చదువుకున్న డాక్టర్ల వార్డులో బాలింతలు జ్వరం వచ్చి పిట్టల్లా రాలిపోయేవాళ్లు. మంత్రసానుల వార్డులో చావులు అందులో సగం కూడా ఉండేవి కావు. పేద ఆడవాళ్లు డాక్టర్ల వార్డులో పడేయొద్దని కాళ్లా వేళ్లా పడి బతిమాలేవాళ్లు. గాలి మంచిది కాదన్నారు, ఆడవాళ్లే బలహీనులన్నారు, ఏవేవో అన్నారు. సెమ్మెల్‌వైస్ అనే డాక్టరుకు అసలు సంగతి అంతుపట్టింది. ఈ డాక్టర్లు పొద్దున శవాలు కోసి, ఆ చేతులతోనే వచ్చి బాలింతలను ముట్టుకుంటున్నారు. క్లోరిన్ సున్నపు నీళ్లతో చేతులు కడుక్కునే లోపలికి రావాలని ఆయన కట్టడి పెట్టాడు. ఏడాది తిరక్కముందే చావులు నూటికి రెండుకు అటూ ఇటూ పడిపోయాయి.

దానికి పెద్ద డాక్టర్లు దండం పెట్టారనుకుంటున్నారా? మా చేతులు మురికివా అని మండిపడ్డారు. ఆయనకు ఉద్యోగం పొడిగించలేదు. చివరికి 1865లో పిచ్చాసుపత్రిలో, ఒంటి మీది గాయం విషమించి, తను ఎవరి మీదికి రాకూడదని కొట్లాడాడో ఆ జబ్బుతోనే పోయాడు.

ఈ కథ మన వాడల్లో పిల్లలకు చెప్పాల్సిన కథ. మూడు వేల ఏళ్లుగా మమ్మల్ని ముట్టుకుంటే మైల అన్నారు. మా నీడ మైల, మా చెంబు మైల, మా మంత్రసాని చేయి మైల. బొడ్డు కోయడానికి మాత్రం ఆ చేయే కావాల్సి వచ్చింది, అది వేరే సంగతి. సైన్సు వచ్చి చూస్తే, తెల్లకోటు వేసుకున్న చేయి కడుక్కోకపోతే అదే మనిషిని చంపుతోందని తేలింది. మైల పుట్టుకలో లేదు. కడగని చేతిలో ఉంది, ఉడకని కత్తెరలో ఉంది, తుడవని బల్ల మీద ఉంది.

* * *

ఆపరేషన్ గదిలో జరగాల్సినవి ఏమిటో మనకెవరూ చెప్పరు. తెలిస్తే అడుగుతామని భయం. అందుకని కొన్ని రాస్తాం.

కోతకు ముందు రోగి సబ్బుతో స్నానం చేయాలి. (వార్డు బాత్రూంలో నీళ్లుంటే.) వెంట్రుకలను బ్లేడుతో గొరగకూడదు. బ్లేడు కంటికి కనపడని గాట్లు పెడుతుంది, ఆ గాట్లలో క్రిములు కాపురం పెడతాయి. తీయక తప్పకపోతే క్లిప్పరుతో కత్తిరించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. మన దవాఖానల్లో ఇంకా బ్లేడే నడుస్తోంది, అదీ రోగి బంధువులే కొనుక్కొచ్చింది. యాంటీబయాటిక్ అవసరమైన ఆపరేషన్లలో దాన్ని కోతకు ముందు రెండు గంటల లోపు ఇవ్వాలి. ఆపరేషన్ అయిపోయాక ఊరికే రోజుల తరబడి పొడవడం వల్ల చీము ఆగదని కూడా ఆ పుస్తకంలోనే ఉంది. మన దగ్గర తిరగేసి నడుస్తుంది. ముందు ఇవ్వాల్సింది మర్చిపోతారు, తర్వాత వారం రోజులు పొడుస్తారు. కత్తెర్లు, పట్టకార్లు ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల ఆవిరిలో, మూట కట్టినవైతే అరగంట ఉడకాలి. మధ్యలో కరెంటు పోయిందంటే ఆ లెక్క మళ్లీ మొదటి నుంచి. కరెంటు పోయినప్పుడల్లా మొదటి నుంచి ఉడికిస్తున్నారా? ఎవరు చూశారు?

అన్నింటికంటే ఘోరం పిల్లలు కాకుండా చేసే ఆపరేషన్ల సంగతి. బొడ్డు కింద చిన్న గాటు పెట్టి లాప్రోస్కోపు అనే గొట్టం లోపలికి దించి చేస్తారు. పొద్దున వచ్చి సాయంత్రానికి ఇంటికి పోవచ్చంటారు. ఆ గొట్టాన్ని ఒక ఆడమనిషి పొట్టలో నుంచి తీశాక ఇంకొకామె పొట్టలోకి దించే ముందు, కడిగి, క్రిములను చంపే మందునీళ్లలో 20 నిమిషాలు ముంచి, మళ్లీ శుద్ధి చేసిన నీళ్లతో కడగాలి. అందుకే కేంద్ర ప్రభుత్వం రాసుకున్న ప్రమాణాల్లో ఒక లెక్క ఉంది. మూడు లాప్రోస్కోపులతో ఒక బృందం రోజుకు 30 ఆపరేషన్లకు మించి చేయకూడదు. ఆ లెక్క డాక్టరు చేయి నొప్పి పుడుతుందని పెట్టింది ఒక్కటే కాదు. గొట్టం నానడానికి టైం పడుతుందని కూడా పెట్టింది.

2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం సర్కారు దవాఖానలో ఒక్కరోజే 34 మందికి ఈ ఆపరేషన్ చేశారు. అయిదారు రోజుల్లో నలుగురు చచ్చిపోయారు. అందరూ చిన్న వయసు తల్లులు. మిగిలిన 30 మందిని ఆదరాబాదరాగా హైదరాబాద్ పెద్దాసుపత్రులకు తరలించారు. సర్కారు వేసిన విచారణలోనే ఇన్ఫెక్షన్ వల్ల పోయారని బయటపడింది. చచ్చిపోయిన వాళ్లకు అయిదేసి లక్షలు ప్రకటించారు. ఆ నలుగురు ఏ కులమని మమ్మల్ని అడగకండి. ప్రైవేటుకు పోలేని కులం. ఆ పూట ఆ గదిలో ఆ బల్లల మీదికి దొరల ఇంటి ఆడపడుచు ఒక్కరు కూడా ఎక్కరు.

ఇది మొదటిసారి అయితే పొరపాటు అనుకుందుం. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్ బిలాస్‌పూర్ దగ్గర, వాడకంలో లేని ఒక ఆస్పత్రి భవనంలో, ఒకే డాక్టరు కొద్ది గంటల్లో 83 మంది ఆడవాళ్లకు ఆపరేషన్ చేశాడు. 13 మంది పోయారు. మందు కల్తీదని ఒకరు, శుభ్రత లేకనే అని ఒకరు వాదులాడుకున్నారు. అంతకుముందు 2012 జనవరిలో బీహార్ అరారియా జిల్లాలో ఒక బడిలో, టార్చి లైటు వెలుతురులో 53 మందికి చేశారు. ఈ సంగతులన్నీ దేవికా బిస్వాస్ వేసిన కేసులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చాయి. 2016 సెప్టెంబరు 14న కోర్టు తీర్పు చెప్పింది. మూడేళ్లలో ఈ క్యాంపుల పద్ధతే ఎత్తెయ్యాలి అన్నది. మూడేళ్లంటే 2019 సెప్టెంబరు. ఇబ్రహీంపట్నం జరిగింది 2022లో. కోర్టు ఎత్తెయ్యమన్నది ఎత్తెయ్యకపోతే ఎవరి ఉద్యోగం పోయింది? మన వాడ పిల్లగాడు బియ్యం బస్తా ఎత్తితే అదే రోజు జైలు!

ఇక్కడ మనవాళ్లను కూడా ఒక మాట అనాలి. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో (15-49 ఏళ్లు) నూటికి 70 మంది ఈ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. దేశంలో మగాళ్ల ఆపరేషన్ ఎంత? నూటికి 0.3. అంటే వెయ్యికి ముగ్గురు. మగవాడి ఆపరేషన్‌లో పొట్ట కోయరు, పొట్టలో గొట్టం దించరు. అయినా బల్ల ఎక్కేది ఆడదే. సభల్లో సమానత్వం మాట్లాడే మా కార్యకర్తల్లో ఎంతమంది ఆపరేషన్ చేయించుకున్నారో చేతులెత్తమంటే మాకే సిగ్గేస్తుంది. రాసే మేం ఎత్తగలమా అని అడక్కండి.

* * *

ఇక లెక్కల సంగతి. ఆపరేషన్ అయిన 30 రోజుల లోపు కోతలో ఇన్ఫెక్షన్ వస్తే దాన్ని ఆ ఆపరేషన్ వల్ల వచ్చిందిగానే లెక్కకట్టాలి. ఒంట్లో రాడ్డు, జాలీలాంటిది పెడితే 90 రోజుల దాకా చూడాలి. ఇది ప్రపంచమంతా ఒప్పుకున్న పద్ధతి. మన దగ్గర కాన్పు కోతకు నాలుగైదు రోజులు, పిల్లల ఆపరేషన్‌కు అదే సాయంత్రం డిశ్చార్జి. చీము పట్టేది ఇంటికొచ్చాక. అది చూసేది ఆర్‌ఎంపీ, లేకపోతే ఇంకో ఊరి దవాఖాన. కోసిన దవాఖాన రిజిస్టర్‌లో ఆమె 'ఆరోగ్యంగా డిశ్చార్జి' అయినట్టే ఉంటుంది. ఆ రిజిస్టర్ ప్రకారం మా చెల్లెకు చీమే పట్టలేదు. ఎన్నికల లిస్టులో వాడ పేర్లు మాయం చేసినట్టే ఇదీ. లెక్కలో లేనోడికి నష్టం ఎట్లా జరుగుతుంది?

లెక్క కట్టిన చోట ఏం తేలిందో చూడండి. పేద, మధ్యాదాయ దేశాల్లో ఆపరేషన్ చేయించుకున్న ప్రతి 100 మందిలో 11 మందికి గాయం ఇన్ఫెక్షన్ వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. 2018లో అచ్చయిన ఒక అధ్యయనంలో 66 దేశాల్లో 12,539 మంది పొట్ట, పేగు ఆపరేషన్ల రోగులను నెలరోజులు వెంట ఉండి చూశారు. అభివృద్ధిలో పైనున్న దేశాల్లో నూటికి 9 మందికి, మధ్య దేశాల్లో 14 మందికి, అడుగునున్న దేశాల్లో 23 మందికి చీము పట్టింది. క్రిమికి కులం, డబ్బు తెలియవంటారు. క్రిమికి తెలియకపోవచ్చు. అది ఎవరి పొట్టలోకి దారి తీయాలో మాత్రం ఇంకెవరో నిర్ణయిస్తున్నారు.

తెలంగాణలో 100 కాన్పుల్లో దాదాపు 61 పెద్దాపరేషన్లే. ఆంధ్రప్రదేశ్‌లో 42. దేశం సగటు 21 దాటి 22 కూడా లేదు. ఇన్ని పొట్టలు కోసే రాష్ట్రంలో ఎన్ని పుండ్లు పడ్డాయో లెక్క గోడ మీద రాసి ఉండాలా వద్దా? కోతల్లో అవసరమైనవి ఎన్ని, ముహూర్తాలకు, బిల్లులకు కోసినవి ఎన్ని అన్నది మరో పక్షం మాట్లాడుకుందాం. అక్కర్లేని ప్రతి కోతా అక్కర్లేని ఒక చీముకు దారి అని మాత్రం ఇప్పుడే చెబుతున్నాం.

"నిధుల్లేవు" అంటారు. ఏ ఆఫీసుకు పోయినా గోడకు వేలాడే మాట ఇది. కానీ మా చెల్లె పంతొమ్మిది రోజులు పడుకున్న మంచం ఎవరిది? సర్కారుదే. రోజూ మార్చిన గాజుగుడ్డ, ఎక్కించిన సెలైన్లు, రెండోసారి వాడిన థియేటర్, రెండోసారి ఇచ్చిన మత్తు, సిస్టరమ్మల చాకిరీ, అన్నీ సర్కారువే. ఆ పంతొమ్మిది రోజుల్లో అదే మంచం మీద ఇంకా ముగ్గురు, నలుగురు బాలింతలు కాన్పు అయి ఇంటికి పోయేవాళ్లు. మంచాల్లేవని ఇద్దర్ని ఒక మంచం మీద పడుకోబెట్టడం, దాంతో ఒకరి పుండు క్రిమి ఇంకొకరికి అంటడం, దాంతో ఇంకా మంచాలు చాలకపోవడం. మామూలు మందుకు లొంగని క్రిమి ఒకసారి వార్డులో తిష్ట వేసిందంటే ఇంకా పెద్ద మందు, ఇంకా పెద్ద ఖర్చు. సబ్బు దగ్గర మిగిల్చిన పదిరూపాయలు సూదిమందు దగ్గర పదివేలై పోతున్నాయి. మునిగిపోతున్నది దవాఖాన కూడా. ఆ మాట ఒప్పుకుంటేనే అందులో పనిచేసే మంచి డాక్టర్లు, మంచి సిస్టర్లు మనతో కలిసొస్తారు. అట్లాంటివాళ్లు ఉన్నారు. రాత్రి డ్యూటీలో అరవై మంది రోగులకు ఒక్కర్తే సిస్టరైతే, రోగికీ రోగికీ మధ్య చేయి ఎన్నిసార్లు కడుక్కుంటుంది? ఆమెను తిట్టి ఇంటికి రావడం మన ఉద్యమం పని కాదు.

ప్రైవేటు సంగతి ఇంకో రకం. అక్కడ మంచానికి రోజుకింత. పుండు పడితే ఇంకో వారం ఉంటారు, ఇంకో వారం బిల్లు. డబ్బు కట్టేవాడికి చీము పడితే అది వాళ్లకు రాబడి పద్దు. ఆరోగ్యశ్రీ కార్డు మీద పోయినవాడికైతే ప్యాకేజీ ఇంత అని ముందే కట్టు ఉంటుంది కాబట్టి తొందరగా ఇంటికి తోలుతారు. చీము పట్టి తిరిగొస్తే "ఇది కార్డులో రాదు" అన్న మాట విని వెనక్కొచ్చిన వాళ్లు మాకు చాలామంది తెలుసు. ఆ మాట నోటితో అనడమే గాని కాగితం మీద రాసివ్వరు. రాసివ్వమని అడగండి.

నిజంగా డబ్బే అడ్డమా? 2009లో అచ్చయిన ఒక అధ్యయనంలో ఢిల్లీతో సహా ప్రపంచంలో ఎనిమిది పట్నాల ఆస్పత్రుల్లో ఒక కాగితం ప్రవేశపెట్టారు. 19 ప్రశ్నలున్న ఒక్క కాగితం. రోగి ఎవరు, ఏ ఆపరేషన్, యాంటీబయాటిక్ ఇచ్చారా, సామాన్లు ఉడికాయా, గుడ్డలు లెక్క సరిపోయాయా. కోసే ముందు, ముగించే ముందు పైకి చదివి సరిచూసుకోవాలి. అంతే. గాయం ఇన్ఫెక్షన్లు 100కు 6.2 నుంచి 3.4కు దిగాయి. చావులూ దాదాపు సగానికి పడ్డాయి. 2022లో మన దేశంతో సహా ఏడు దేశాల్లో 13 వేల మందికి పైగా రోగుల మీద మరొకటి చూశారు. పొట్ట కుట్టేసే ముందు గ్లౌజులు, కత్తెర్లు మార్చి శుభ్రమైనవి వాడితే ఇన్ఫెక్షన్ 18.9 నుంచి 16కు తగ్గింది. ఇంకో జత గ్లౌజులు! దానికి ఏ బడ్జెట్ అడ్డం?

* * *

గ్లౌజుల మాట వచ్చింది కాబట్టి ఇంకో చేతి గురించి చెప్పాలి. ఆ థియేటర్‌లో నెత్తురు కడిగేదెవరు? చీము గుడ్డలు ఎత్తేదెవరు? ఏ జిల్లా దవాఖానకైనా పోయి చీపురు పట్టిన మనిషి ఇంటిపేరు అడగండి. చాలామట్టుకు మన వాడల ఆడవాళ్లే. కాంట్రాక్టరు కింద, నెలలు ఆలస్యంగా వచ్చే జీతానికి, సెలవు లేకుండా. 2016 బయోమెడికల్ వ్యర్థాల నియమాల ప్రకారం వాళ్లకు హెపటైటిస్-బి టీకా వేయించాలి, శిక్షణ ఇవ్వాలి, గ్లౌజులు, బూట్లు, మాస్కులు ఇవ్వాలి. కట్లు, గాజుగుడ్డలు పసుపు సంచిలో, సూదులు గుచ్చుకోని తెల్ల డబ్బాలో పడాలి. చేతికి గ్లౌజు లేకుండా నల్లకవర్లో అన్నీ కలిపి ఎత్తే మా అక్కను మీరూ చూశారు, మేమూ చూశాం. 2020 మే 3న దవాఖానల మీద హెలికాప్టర్ల నుంచి పూలు చల్లారు. ఆ పూలు ఊడ్చింది కూడా ఆమే.

చిత్రమేమిటంటే, ఆపరేషన్ గది శుభ్రంగా ఉండటం ఎవరి చేతుల మీద నిలబడిందో ఆ చేతులకే సబ్బు లేదు. ఒక్క బకెట్ నీళ్లతో మూడు గదులు తుడవమంటే క్రిమిని ఒక గది నుంచి ఇంకో గదికి పంచినట్టే. ఆమె జీతం గొడవ, మా చెల్లె చీము గొడవ వేర్వేరు గొడవలని మన సంఘాల్లో కూడా అనుకుంటున్నారు. కార్మిక సంఘం ఒక దారి, ఆడవాళ్ల సంఘం ఒక దారి, వాడ సంఘం ఒక దారి. థియేటర్ నేల మీద మాత్రం మూడూ ఒకటే.

* * *

చట్టం ఏమంటుందో కూడా కొంచెం. 1995లో సుప్రీంకోర్టు డాక్టర్లను వినియోగదారుల చట్టం కిందికి తెచ్చింది. అందరూ గొప్ప తీర్పు అన్నారు. కానీ అందరికీ పూర్తిగా ఉచితంగా వైద్యం చేసే ఆస్పత్రిని అందులో నుంచి తీసేసింది. అంటే డబ్బు కట్టినోడు వినియోగదారుడు, ఓటు వేసినోడు ఎవరూ కాదు. సర్కారు దవాఖానలో చెడిపోయినవాళ్లకు సివిల్ కోర్టు ఉంది, హైకోర్టు ఉంది, మానవ హక్కుల కమిషన్ ఉంది. ఆ మెట్లు ఎక్కడానికి బస్సు చార్జీలు కావాలి.

పిల్లలు కాకుండా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు మాత్రం ఒక స్కీము ఉంది, ఎవరూ చెప్పరు. ఆపరేషన్ వల్ల ఏడు రోజుల్లో మనిషి పోతే 4 లక్షలు, ఎనిమిది నుంచి ముప్ఫై రోజుల్లో పోతే లక్ష, 60 రోజుల లోపు చీము లాంటి ఇబ్బంది వస్తే వైద్యానికైన ఖర్చు 50 వేల దాకా ఇవ్వాలి. ఆపరేషన్ అప్పుడు ఇచ్చిన సర్టిఫికెట్, బిల్లులు పెట్టి జిల్లా వైద్యాధికారి ఆఫీసులో అర్జీ పెట్టాలి. ఆలస్యం చేస్తే కొట్టేస్తారు. పెద్దాపరేషన్ కోతకు చీము పడితే మాత్రం ఇట్లాంటిది ఏదీ లేదు. ఎందుకు లేదు? అది కూడా సర్కారు బల్ల మీదే కదా జరిగింది?

కాబట్టి ఈ పక్షం పని ఇది. ప్రతి ఊళ్లో సంఘం వాళ్లు ఒక నోటుబుక్కు కొనండి. దవాఖాన కట్టని లెక్క మనం కడదాం. గడిచిన ఏడాదిలో ఏ ఆపరేషన్ అయినా చేయించుకున్న ఇల్లిల్లూ తిరగండి. ఆపరేషన్ తారీఖు, డిశ్చార్జి తారీఖు, చీము కనపడ్డ తారీఖు, ఎన్ని రోజుల కూలి పోయింది, ఎంత అప్పు, ఎవరి దగ్గర ఎంత మిత్తికి. మనిషి పేరు ఇష్టమైతేనే రాయండి, లేకపోతే ఇంటి గుర్తు చాలు. ఆడవాళ్ల దగ్గరికి ఆడవాళ్లే పోవాలి. పొట్ట మీది పుండు గురించి మగవాడికి చెప్పుకోలేరు. డిశ్చార్జి చీటీ పారేయొద్దని అందరికీ చెప్పండి. రోగి అడిగితే 72 గంటల్లో తన వైద్య కాగితాలు ఇవ్వాలని డాక్టర్ల నియమావళిలోనే ఉంది. కేసుషీటు నకలు అడగండి, నోటితో కాదు, రాసి ఇచ్చి, దరఖాస్తు మీద ముద్ర వేయించుకోండి.

రెండో పని, సమాచార హక్కు కింద మీ దవాఖానకు ఒక దరఖాస్తు. గత ఏడాది ఎన్ని ఆపరేషన్లు చేశారు, వాటిలో 30 రోజుల లోపు ఎన్ని పుండు పడ్డాయి, ఇన్ఫెక్షన్ల కమిటీ ఎన్నిసార్లు కూర్చుంది, పారిశుధ్య కార్మికుల్లో ఎంతమందికి టీకా వేశారు. ఈ నాలుగు ప్రశ్నలు చాలు. దారిద్ర్యరేఖ దిగువన ఉన్నవాళ్లకు ఫీజు లేదు. ముప్ఫై రోజుల్లో జవాబు రావాలి. లెక్కలు లేవని జవాబిస్తే ఇంకా మంచిది. ఆ కాగితాన్నే పెద్దగా నకలు తీయించి దవాఖాన గేటు ముందు కడదాం.

అత్తలకు, అమ్మలకు పప్పు సంగతి చెప్పడం మాత్రం మీకే వదిలేస్తున్నాం. మా ఇళ్లల్లో మేం చెప్పి చూశాం. మా చెల్లె వాళ్లత్త ఇప్పటికీ ఒప్పుకోలేదు. కానీ మొన్న కోడలి కంచంలో గుడ్డు పెట్టిందట.

నోటుబుక్కులు వచ్చే నెల అమావాస్య లోపు మండల కమిటీకి చేరాలి.